నగరం తెలియాలంటే ఏ పేటకు వెళ్ళాలి, ఎవరిని ఏమడగాలి?

ఉద్యోగరీత్యా ఒక మహానగరంలో ఏడాది పాటు ఉండవలసి వచ్చిందనీ, చూడదగ్గవని అందరూ చెప్పే కట్టడాలూ మ్యూజియాలూ మొదటి నెలలోనే చూసేశారనీ, అయినా ఊరు తెలిసిందన్న తృప్తి కలగలేదనీ మీరు రాశారు. ఎవరూ పట్టించుకోని పేటలను ఎలా ఎంచుకోవాలి, అక్కడి మామూలు జనాన్ని ఇబ్బంది పెట్టకుండా వారితో ఎలా మాట్లాడాలి, ఇందుకు గైడు అవసరమా అన్నవి మీ ప్రశ్నలు. రవాణా సర్వేల కోసం, గృహవసతి సర్వేల కోసం ముక్కూ మొహం తెలియనివారి తలుపులు తట్టడమే చాలా ఏళ్ళుగా నా వృత్తి కాబట్టి ఈ విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది ముందే చెబుతాను. పేటలన్నీ చుట్టి రావాలనుకోకండి. ఒకటో రెండో ఎంచుకొని, వేర్వేరు వేళల్లో పదే పదే వెళ్ళండి. అక్కడివారిని నగరం గురించి అడగకండి, వారి పని గురించి అడగండి.

ఏళ్ళ తరబడి ఉన్నా ఊరు ఎందుకు తెలియదో మొదట చూద్దాం. జర్మన్ రచయిత ఫ్రెడరిక్ ఎంగెల్స్ 1842 చివరి నుంచి 1844 దాకా ఇంగ్లండులోని మిల్లుల నగరం మాంచెస్టర్‌లో ఉన్నప్పుడు ఒక సంగతి గమనించాడు. శివార్లలోని బంగళాల నుంచి నగరం నడిబొడ్డున ఉన్న వర్తక కేంద్రానికి వచ్చే పెద్ద రోడ్లకు రెండు వైపులా దుకాణాలు వరసగా ఉండేవి. కార్మికులు కిక్కిరిసి బతికే వాడలు ఆ దుకాణాల వెనకే ఉండేవి. మిల్లు యజమాని రోజూ వాటి పక్క నుంచే వెళ్ళి వస్తూ కూడా వాటిని ఒక్కసారైనా చూడకుండా జీవితమంతా గడిపేయగలిగేవాడు. దీన్ని ఎవరో పనిగట్టుకొని చేశారని అనుకోనక్కర్లేదు. పెద్ద రోడ్డు మీద అద్దె ఎక్కువ కాబట్టి దాన్ని భరించగల వ్యాపారం ముందు వరసలోకి వస్తుంది, భరించలేనివారు వెనక్కి జరుగుతారు, అంతే. ఇప్పుడు ఆ దుకాణాల వరస చేసిన పనినే భూగర్భ రైలూ ఫ్లైఓవరూ ఇంకా సమర్థంగా చేస్తున్నాయి. మీ ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్ళే దారిలో మీ కంట పడకుండా దాటిపోతున్న పేటలు ఎన్నో ఒకసారి మ్యాపులో లెక్కపెట్టి చూడండి. మీరు మొదట వెళ్ళవలసిన పేట బహుశా ఆ జాబితాలోనే ఉంటుంది, ఊరి చివరిదాకా పోనక్కర్లేదు.

అయితే మ్యాపును పూర్తిగా నమ్మకూడదు. కెన్యా రాజధాని నైరోబిలో కిబేరా అనే పేదల పేటలో లక్షల మంది నివసిస్తున్నా, 2009కి ముందు మ్యాపులలో ఆ ప్రాంతం దాదాపు ఖాళీగానే కనిపించేది. ఆ ఏడాది అక్కడి యువతీ యువకులే జీపీఎస్ పరికరాలు పట్టుకొని సందు సందూ తిరిగి, నీళ్ళ కుళాయిలు, మరుగుదొడ్లు, బడులు, వైద్యశాలలు ఎక్కడెక్కడున్నాయో, ఎవరైనా వివరాలు చేర్చగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాపులోకి ఎక్కించారు. ఆ పనిని మ్యాప్ కిబేరా పేరుతో పిలుస్తారు. బయటివారు గీసిన మ్యాపులో సాధారణంగా రోడ్లూ పెద్ద భవనాలూ ముందుంటాయి. అక్కడుండేవారు గీసినప్పుడు కుళాయి కూడా ఒక ముఖ్య స్థలమైంది. మీ నగరపు మ్యాపులో చుట్టూ వీధుల పేర్లు దట్టంగా ఉండి, మధ్యలో మాత్రం ఏ పేరూ లేకుండా బూడిదరంగులో కనిపించే జాగా ఉంటే, అది రైల్వే యార్డో గోడౌన్లో కావచ్చు, జనం నిండిన పేటా కావచ్చు. రెంటిలో ఏదైనా పగటిపూట వెళ్ళి చూడదగ్గదే.

పేటను ఎంచుకోవడానికి నేను వాడే ఇంకో కొలత రవాణా మార్గంలో స్టాపుల మధ్య దూరం. టోక్యోలో యమనోతే అనే వలయ రైలు మార్గం పొడవు 34.5 కిలోమీటర్లు, దాని మీద 30 స్టేషన్లున్నాయి. అదే నగరంలో మినోవబాషి నుంచి వసెదా దాకా నడిచే అరకావా ట్రామ్ మార్గం పొడవు 12.2 కిలోమీటర్లే, దాని మీదా 30 స్టాపులే. అంటే మొదటిదానిలో స్టేషన్ల మధ్య సగటున కిలోమీటరుకు పైగా దూరం ఉంటే, రెండోదానిలో సుమారు 400 మీటర్లే ఉంది. దూరం నుంచి వచ్చి దూరం పోయేవారికి మొదటిది కావాలి. సంచీ మోసుకొని రెండు స్టాపుల అవతల ఆస్పత్రికి వెళ్ళే ముసలమ్మకు కావలసింది రెండోది. మీ ఊళ్ళో కూడా అడుగడుక్కీ ఆగే, ఎప్పుడూ ఆలస్యంగా నడిచే, పర్యాటకుల కరపత్రాల్లో చోటు దక్కని బస్సు ఒకటి తప్పకుండా ఉంటుంది. ఒక సెలవురోజు దాన్ని మొదటి స్టాపులో ఎక్కి చివరిదాకా వెళ్ళండి. ఎక్కేవారి చేతుల్లో ఏముందో, ఏ స్టాపులో బస్సు ఒక్కసారిగా ఖాళీ అవుతుందో చూడండి. బస్సు ఖాళీ అయ్యే స్టాపే మీ పేట.

కొండవాలు పేటలున్న నగరాల్లో ఇదే ఉపాయం నిలువునా పనిచేస్తుంది. కొలంబియాలోని మెడెయిన్ నగరంలో 2004లో మొదలైన మెట్రోకేబుల్ అనే కేబుల్ కారు మార్గాన్ని వినోదయాత్రల కోసం కట్టలేదు. కొండమీది పేటల వాళ్ళు పనులకు దిగి, తిరిగి ఇళ్ళకు ఎక్కడానికి నగర మెట్రోతో దాన్ని కలిపారు. 2011లో కమ్యూనా 13 అనే ప్రాంతంలో ఆరుబయట ఎస్కలేటర్లు పెట్టాక అది పర్యాటకులు విరగబడే చోటుగా మారింది. మరుగున పడ్డ పేట ఎల్లకాలం మరుగునే ఉండదు. ఇప్పుడు అక్కడికి వెళ్ళేవారు గోడల మీది బొమ్మలు చూసి వచ్చేస్తారు. అదే నగరంలో కేబుల్ కారులో తెల్లవారుజామున కిందికి దిగే జనంతో కలిసి ప్రయాణం చేసేవారు తక్కువ.

వేళ అన్నది నా లెక్కలో స్థలంతో సమానమైన విషయం. దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నగరాన్ని నడిపించే పనులలో చాలా వాటిని, మిగతావారి కళ్ళబడకుండా ఉండేందుకే, వేళకాని వేళల్లోకీ ఊరి అంచుల్లోకీ నెట్టేశారు. పారిస్ నడిబొడ్డున శతాబ్దాల పాటు ఉన్న లే హాల్ టోకు బజారును 1969లో నగరానికి దక్షిణాన రుంజిస్‌కు తరలించారు. టోక్యోలో త్సుకిజీ చేపల టోకు బజారు 2018 అక్టోబరులో టోయోసుకు మారింది. బజారు వెళ్ళిపోయిన చోట పేరు మిగులుతుంది, పేరును చూడటానికి జనం వస్తూనే ఉంటారు. పని మాత్రం కొత్త చోట అర్ధరాత్రి దాటాక మొదలై, మీరు నిద్రలేచేసరికి ముగిసిపోతుంది. అందుకని మీరు ఎంచుకున్న పేటకు కనీసం నాలుగు వేళల్లో వెళ్ళండి. చీపుళ్ళు కదిలే తెల్లవారుజాము, బడి వదిలే సమయం, పనివాళ్ళు షిఫ్టు మారే సాయంత్రం, సెలవురోజు మధ్యాహ్నం. ఈ నాలుగింటిలోనూ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బడి వదిలే సమయం. పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లులు వచ్చారా, తాతలూ అమ్మమ్మలూ వచ్చారా, జీతానికి పెట్టుకున్నవారు వచ్చారా, లేక పిల్లలే ఒంటరిగా నడిచి వెళ్తున్నారా అన్నది చూస్తే, ఆ పేటలో ఎవరు ఏ వేళల్లో పనిచేస్తారో, వీధులంటే వాళ్ళకు ఎంత నమ్మకమో పావుగంటలో తెలిసిపోతుంది. ఏ సర్వే పత్రమూ ఇంత తొందరగా చెప్పలేదు. సర్వే పత్రాలతోనే పొట్ట పోసుకునే నేను ఈ మాట అనడం విడ్డూరమే గానీ, నిజం.

పేట ఫలానా చోటే ఎందుకుందన్నది కూడా ఆలోచించదగ్గ ప్రశ్న. పొగ గొట్టాల కాలంలో పెరిగిన ఇంగ్లండు నగరాల్లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి పొగ తూర్పుకు పోయేది. స్తోమత ఉన్నవాళ్ళు పడమటి దిక్కున స్థిరపడితే, తూర్పు దిక్కు పేదలకు మిగిలింది. పొగ పోయి దశాబ్దాలైనా ఆ విభజన చాలాచోట్ల పూర్తిగా చెరిగిపోలేదు. పల్లపు నేల, వరద వచ్చే ఒడ్డు, రైలు కట్ట అవతలి వైపు, చెత్త కుప్పల పక్క అన్నీ ఇలాంటివే. కట్టడాల వయసు కన్నా నేల ఎత్తుపల్లాలు ఎక్కువ కథ చెబుతాయి. వాన పడిన మర్నాడు పేటకు వెళ్ళి నీళ్ళు ఎక్కడ నిలిచాయో, గుమ్మాల దగ్గర మెట్లు ఎక్కడ ఎత్తుగా కట్టారో చూడండి.

మాట కలపడానికి ముందు కొంతకాలం ఊరికే కూర్చోవడం మంచిది. దీనికి గొప్ప సంప్రదాయమే ఉంది. 1923 భూకంపం తర్వాత టోక్యో మళ్ళీ కట్టుకుంటున్న రోజుల్లో, 1925లో, కొన్ వజిరో అనే పరిశోధకుడు స్నేహితులతో కలిసి గింజా వీధిలో నిలబడి, వచ్చేపోయేవారి దుస్తులను లెక్కపెట్టాడు. ఆధునికతకు మారుపేరనుకున్న ఆ వీధిలో మగవారిలో ఎక్కువమంది పాశ్చాత్య దుస్తుల్లో ఉంటే, ఆడవారిలో దాదాపు అందరూ జపాను దుస్తుల్లోనే ఉన్నారు. ఆయన అక్కడితో ఆగకుండా, అదే ఏడాది హోంజో, ఫుకగావా అనే పేద కార్మిక పేటల్లోనూ అదే పద్ధతిలో లెక్కలు తీశాడు. రెండుచోట్లా ఒకే శ్రద్ధ పెట్టడం దీనిలోని ముఖ్య విషయం. 1974 అక్టోబరులో ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ పారిస్‌లోని సాఁ సుల్పీస్ కూడలిలో మూడు రోజులు కూర్చొని, అక్కడి ప్రసిద్ధ చర్చిని పక్కన పెట్టి, వెళ్ళే బస్సుల నంబర్లనూ, మనుషుల చేతుల్లోని సంచులనూ, పావురాలనూ నమోదు చేశాడు. న్యూయార్క్‌లో విలియం వైట్ అనే పట్టణ పరిశోధకుడు 1970లలో కెమెరాలతో కూడళ్ళను గమనించి తేల్చిన సంగతి ఇంకా సూటిగా ఉంటుంది: జనం కూర్చోవడానికి వీలున్నచోట కూర్చుంటారు. ఇంత మాత్రానికి పరిశోధన కావాలా అనిపిస్తుంది గానీ, కూర్చోవడానికి వీల్లేకుండా కట్టిన కూడళ్ళు ఎన్నో చూశాక ఆ మాట విలువ తెలిసింది. మీ పేటలో బెంచీ ఉందా, దానికి నీడ ఉందా, ఎవరూ పడుకోకుండా మధ్యలో ఇనుప కడ్డీలు బిగించారా అన్నవి చూస్తే, అక్కడివారి పట్ల నగర పాలకుల ఉద్దేశం ఏమిటో తెలుస్తుంది.

ఇక మాటల సంగతి. ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి మనకు తెలిసే నగరం మారిపోతుంది. లండన్‌లో చార్లెస్ బూత్ అనే పరిశోధకుడు 1880లలో మొదలుపెట్టిన పేదరికం సర్వేలో, మ్యాపు మీద వీధి వీధికీ రంగు వేశాడు. అడుగు వర్గానికి నలుపు, సంపన్నులకు పసుపు. అంత పెద్ద ఊరిని అంత ఓపికగా చూసినవారు అంతకు ముందు లేరు. కానీ ఆయనకు సమాచారం ఎక్కువగా ఇచ్చింది పిల్లల హాజరు కోసం ఇంటింటికీ తిరిగే పాఠశాల బోర్డు ఉద్యోగులు. తర్వాత ఆయన బృందం గస్తీ పోలీసులతో కలిసి వీధుల్లో నడిచింది. పోలీసు పక్కన నడిచేవాడికి వీధి ఎలా కనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. నల్లరంగు వీధుల వివరణలో పేదరికంతో పాటు నేర స్వభావం అన్న ముద్ర కూడా చేరిపోయింది. అంతకు ఓ తరం ముందు, 1849-50లలో, హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత అదే ఊళ్ళో తోపుడు బండ్ల వాళ్ళనూ, చెత్త ఏరేవాళ్ళనూ నేరుగా కలిసి, సరుకు ఎక్కడ కొంటారు, రోజుకు ఎంత మిగులుతుంది, వానాకాలంలో ఏంచేస్తారు అని అడిగి, జవాబులను చాలావరకు వాళ్ళ మాటల్లోనే అచ్చువేశాడు. బూత్ లెక్కలతో పోలిస్తే ఆయన లెక్కలు గజిబిజిగానే ఉంటాయి. అయినా ఆ మనుషులు మాట్లాడిన తీరు మనకు చేరింది ఆయన వల్లనే. మీకు గణాంకాలు అక్కర్లేదు కాబట్టి మేహ్యూ దారే పట్టండి.

"ఈ ఊరు మీకెలా అనిపిస్తుంది?" అన్న ప్రశ్నకు ఎవరైనా వార్తల్లో విన్నదే తిరిగి చెబుతారు. పని గురించి అడిగితే తమకు మాత్రమే తెలిసింది చెబుతారు. ఒక అద్దె ఇళ్ళ పేటలో బట్టలు ఆల్టరేషన్ చేసే ఒకావిడ దుకాణంలో నేను అద్దెల గురించి అడిగినంతసేపూ ఆమె పొడిపొడిగానే జవాబులిచ్చారు. మిషను వెనక కడ్డీకి వేలాడుతున్న బట్టల గురించి అడిగాక మాట సాగింది. అవన్నీ కుట్టడం పూర్తయినా ఎవరూ తీసుకువెళ్ళనివి. ఒక్కోదానికీ గుండుసూదితో చీటీ గుచ్చి ఉంది, చీటీ మీద పేరూ తేదీ. పాత చీటీల సిరా వెలిసిపోయింది. మొదట్లో అలాంటివి ఒకటో రెండో మిగిలేవనీ, వీధి చివర పాత భవనాలను పడగొట్టడం మొదలయ్యాక కడ్డీ నిండిపోయిందనీ, ఉన్నపళంగా ఇల్లు ఖాళీ చేసినవాళ్ళకు కుట్టడానికిచ్చిన ప్యాంటు ఎక్కడ గుర్తుంటుందనీ ఆమె చెప్పారు. ఒక స్కూలు యూనిఫాం లంగాను చూపించి, అంచు రెండుసార్లు దించానని, ఆ పిల్లకు ఈపాటికి అది పట్టదని కూడా అన్నారు. నేను అడగాలనుకున్న అద్దెల కథ అంతా ఆ చీటీల తేదీల్లోనే ఉంది.

ఇలా పేట గుట్టు తెలిసిన వృత్తులు కొన్ని ఉన్నాయి. తాళాలు బాగుచేసేవారికి ఎవరు ఎప్పుడు ఇల్లు మారారో తెలుసు. మందుల దుకాణంలో పనిచేసేవారికి ఏ కాలంలో ఎవరికి దగ్గు వస్తుందో తెలుసు. రాత్రి కాపలా మనిషిని "ఈ వీధిలో అందరికంటే ముందు తెరుచుకునే తలుపు ఎవరిది?" అని అడగండి. నేను ఎక్కడ అడిగినా జవాబు దొరికిన ప్రశ్న అది. గ్రంథాలయంలో పనిచేసేవారు, బస్సు డిపోలో టైమ్‌కీపర్లు కూడా మాట్లాడటానికి ఇష్టపడతారు, కాకపోతే రద్దీ వేళల్లో పలకరించకూడదు. డెలివరీ చేసేవారిని మాత్రం దారిలో ఆపకండి. వారి నిమిషాలను యాప్ లెక్కపెడుతూ ఉంటుంది. ఎవరి దగ్గరకు వెళ్ళినా మొదటిసారి చిన్న పని ఏదో ఒకటి చేయించుకోండి. గుండీ కుట్టించుకోండి, తాళంచెవి నకలు తీయించుకోండి. రెండోసారి వెళ్ళినప్పుడు మీరు వాళ్ళకు తెలిసిన ముఖం అవుతారు, అసలు మాటలు అప్పుడే మొదలవుతాయి. నేను పదే పదే వెళ్ళమన్నది ఇందుకే.

మర్యాద గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఫోటోల విషయంలో నేను చాదస్తుణ్ణి. ముంబయిలోని ధారావిలో పర్యాటకులను తిప్పే ఒక పేరున్న సంస్థ, నడకలో ఎవరూ ఫోటోలు తీయకూడదని నియమం పెట్టుకుంది. నా ఉద్దేశంలో ఏ పేటకైనా మొదటి కొన్నిసార్లు అదే పద్ధతి. ఇళ్ళ మధ్య సందు అంటే చాలాచోట్ల అదే వంటిల్లు, అదే పెరడు. ఆ సందులో నడుస్తున్నామంటే వాళ్ళింట్లో నడుస్తున్నట్టే. పిల్లలను వాళ్ళ పెద్దలు ఎదుట లేకుండా పలకరించకండి, వాళ్ళ చేతికి డబ్బు ఇవ్వకండి. ఎవరి సమయమైనా ఎక్కువ తీసుకుంటే దానికి తగ్గ పని ఇచ్చి డబ్బు చెల్లించండి, దానంగా వద్దు. "ఇంత లేమిలోనూ ఎంత ఆనందంగా ఉన్నారో" అన్న ధోరణి మీ నోట్సులో కనిపిస్తే ఆ వాక్యం కొట్టేయండి. అతిథి ఎదుట నవ్వడం మర్యాద, దాన్ని బట్టి బతుకును అంచనా వేయలేం. కొత్త చోటికి మొదటిసారి పగలు వెళ్ళండి, వెళ్తున్నట్టు ఎవరికైనా చెప్పి వెళ్ళండి. అక్కడివారు "అటు వెళ్ళొద్దు" అంటే కారణం అడక్కుండా వెనక్కి తిరగండి.

గైడు అవసరమా అన్నది చివరి ప్రశ్న. డబ్బు తీసుకొని గుంపుగా తిప్పేవారికన్నా అక్కడే ఉండేవారు నడిపించే నడకలు మేలు. అవి ఇప్పుడు చాలా నగరాల్లో ఉన్నాయి. నగర జీవితం గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ స్మృతిలో 2007లో టొరంటోలో మొదలైన జేన్స్ వాక్స్ ఏటా మే మొదటి వారాంతంలో ఎన్నో దేశాల్లో జరుగుతాయి. స్థానికులే ముందు నడుస్తారు, రుసుము ఉండదు. న్యూయార్క్‌లో 1992లో బిగ్ ఆపిల్ గ్రీటర్‌తో మొదలైన పద్ధతిలో, ఒక స్వచ్ఛంద సేవకుడు తన పేటను కొత్తవారికి ఉచితంగా చూపిస్తాడు. దాని స్ఫూర్తితో ఇతర నగరాల్లోనూ గ్రీటర్ బృందాలు ఏర్పడ్డాయి. లండన్‌లో 2010లో మొదలైన అన్‌సీన్ టూర్స్‌లో, ఇల్లు లేని స్థితిని స్వయంగా అనుభవించినవారు గైడ్లుగా ఉంటారు, వారికి దాని మీద ఆదాయం వస్తుంది. మీ నగరంలో గ్రీటర్లు ఉంటే కొన్ని వారాలు ముందుగా రాయండి. ఏం చూడాలనుకుంటున్నారని వాళ్ళు అడిగితే పేరున్న చోట్లు ఏవీ చెప్పకండి. వాళ్ళు సరుకులు కొనే దారిలో, మామూలుగా వెళ్ళే వేళకే తీసుకెళ్ళమని అడగండి. ఆ దారిలో వాళ్ళు ఎవరెవరిని పేరుపెట్టి పలకరిస్తారో గుర్తుపెట్టుకుంటే, మరుసటి వారం మీరు ఒక్కరే వెళ్ళినప్పుడు ఏ దుకాణం దగ్గర ఆగాలో తెలుస్తుంది.